అప్పిచ్చి దాక్కున్నాం

కిందటి బుధవారం మధ్యాహ్నం స్రవంతి వచ్చి మా వంటింట్లో కూర్చుని అప్పు అడిగింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. అడిగింది ఆ పిల్ల, భయపడుతున్నది నేను. స్రవంతిది ఖమ్మం. ఇక్కడ హాలిఫాక్స్‌లో కాలేజీలో చదువుతోంది, మా వీధి చివర కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తుంది, మంచు పడ్డ రోజున అడక్కుండానే నా మెట్లమీద ఉప్పు చల్లి వెళ్తుంది. అంతవరకే మా పరిచయం. "షిఫ్టులు కట్ చేసిండ్రు ఆంటీ. నెలాఖరుకు ఫీజు కట్టకపోతే స్టడీ పర్మిట్‌కి ప్రాబ్లమ్ అయితది. నాన్నకు చెప్పలే, ఆయన ఇప్పటికే తెచ్చిన అప్పుల్లో ఉన్నడు. ఇంటరెస్ట్ ఎంతన్నా ఇస్తా. కావాలంటే నా పాస్‌పోర్ట్ మీ దగ్గరే పెట్టుకోండి," అంటూ సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది కూడా. ఆ నీలం అట్ట చూడగానే ముందు అది లోపల పెట్టుకోమన్నాను. ఆదివారం భోజనానికి రా, అప్పుడు చెప్తానన్నాను. టొరంటోలో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే, "అమ్మా, ప్లీజ్ డోంట్. యు హార్డ్లీ నో హర్," అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ పిల్ల అడిగినంతా నా దగ్గర ఉంది గాని, అది కారుతున్న ఇంటి కప్పు ఈ వేసవిలో మార్పించుకోవడానికి దాచుకున్నది.

పుట్టుకతో నేను పిరికిదాన్నేమీ కాను. నన్ను పిరికిదాన్ని చేసింది ఈ ఊళ్ళోనే, నేను ఏడో తరగతి చదువుతున్నప్పటి ఒక చలికాలం. ఆ సంగతి చెప్పాలంటే ఒక్క ముక్కలో చెప్పవచ్చు. అప్పిచ్చింది మేము, దాక్కున్నది కూడా మేమే. కాని ఒక్క ముక్కలో చెబితే మా నాన్న పిచ్చివాడని అనుకుంటారు. ఆయన పిచ్చివాడు కాదు.

చీరాలలో బడిపంతులుగా చేసిన మనిషి ఇక్కడికొచ్చి రేవు పక్కన చేపలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో కూలీ అయ్యాడు. అమ్మ నర్సు, ఆవిడ ఉద్యోగం మీదే మేం ముగ్గురం వచ్చాం. రబ్బరు ఏప్రన్ కింద కూడా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. గుట్టమీద చిన్న చెక్క ఇల్లు కొన్నాం, బ్యాంకు లోను మీద. కింద బేస్‌మెంట్‌లో ఆయిల్ ఫర్నేసు గుర్రుమని మొదలయ్యేది, ఇల్లంతా కాలిన నూనె వాసన, దానిమీద తడిసిన ఉన్ని కోట్ల వాసన. శనివారం అమ్మ ఇక్కడ దొరికే ఉప్పు చేపను నానబెట్టి, ఎండు చేప అనుకోమని మాకు నచ్చజెప్పి, చింతపండు పులుసు పెట్టేది. అంత చలిలోనూ వెనక తలుపు తెరిచి, పక్కింటివాళ్ళకి వాసన వెళ్తుందేమోనని తువ్వాలుతో విసిరేది. పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం తీసి పాత కాఫీ డబ్బాలో వేసేది. అది దేవుడి గుప్పెడు. ఆదివారం మధ్యాహ్నం ఒక చర్చి కింది గదిలో కూడుకునే మా తెలుగు సహవాసానికి ఆ డబ్బా వెళ్ళేది, ఎవరింట్లో ఇబ్బందిగా ఉంటే ఆ బియ్యం వాళ్ళకి వెళ్ళేవి. పొద్దున్నే స్కూలుకి వెళ్ళేముందు నేను తెలుగు బైబిలు ఒక అధ్యాయం బిగ్గరగా చదవాలి. నా తెలుగంతా అక్కడిదే. అందుకే నేను కూరగాయల బేరం మాట్లాడినా ప్రసంగంలా ఉంటుందని మా అబ్బాయి వెక్కిరిస్తాడు.

నేను చదివే ఆ వాక్యాల్లోనే ఒక ఆజ్ఞ ఉంది. పొరుగువాడికి అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి అతని ఇంట్లోకి చొరబడకూడదు. బయటే నిలబడాలి, ఇవ్వదలచింది అతనే తెచ్చి ఇవ్వాలి. బీదవాడి దగ్గర వడ్డీ ముట్టకూడదన్న సంగతి అందరికీ తెలుసు గాని, ఈ గుమ్మం సంగతి చాలామంది చదివి దాటేస్తారు. నాన్న దాటలేదు. ఆయన చిన్నప్పుడు చీరాలలో వడ్డీ వ్యాపారి వచ్చి వసారాలో మంచమ్మీద కూర్చుని, వాళ్ళమ్మ తలుపు చాటునుంచి చూస్తుండగానే నీళ్ళ బిందె వంచి నీళ్ళు పారబోసి, బిందె పట్టుకుపోయాడట. అందుకని ఆయన ఆ ఆజ్ఞకి ఇంకో నాలుగడుగుల దూరంలో సొంత కంచె కట్టుకున్నాడు. అప్పిచ్చినవాడు తీసుకున్నవాడి ఇంటికి వెళ్ళనే కూడదు, దారిలో ఎదురుపడనూ కూడదు. "తీసుకున్నవాడికి మన మొహం నోటీసులాగా కనబడుతుందమ్మా. మనమే పక్కకి తప్పుకోవాలి," అనేవాడు. లోకంలో బాకీ ఉన్నవాడు మొహం చాటేస్తాడు. మా ఇంట్లో ఆ పని మేం చేశాం.

ఆ శరత్కాలం చివర దేవదానం అంకుల్ వచ్చాడు. మా సహవాసంలో అందరికంటే గట్టిగా పాడే మనిషి. రేవుకి అవతల డార్ట్‌మౌత్‌లో ఒక రెస్టారెంటులో వంటవాడు. నడుం పట్టేసి పని పోయింది, అద్దె కట్టలేదు, భార్య రత్నం, నా ఈడు కూతురు సునీత, ముగ్గురినీ ఖాళీ చేయమన్నారు. నాన్న లేచి లోపలికి వెళ్ళి కవరు తెచ్చి ఇచ్చాడు. కాగితం లేదు, గడువు లేదు. తలుపు వేశాక అమ్మ పొయ్యి దగ్గరనుంచే, "అందులో ఇంటి లోను డబ్బు కూడా ఉందండీ," అంది. "తెలుసు," అన్నాడు నాన్న. ఆ తర్వాత కొద్ది వారాలకే చేపల ఫ్యాక్టరీలో సగం మందిని తీసేశారు, ఆ సగంలో నాన్న ఉన్నాడు. అమ్మ జీతం తిండికీ ఫర్నేసు ఆయిల్‌కీ సరిపోయేది. లోను కట్టడానికి ఏమీ మిగల్లేదు. వరసగా కిస్తీలు తప్పాయి. బ్యాంకువాళ్ళు ఫోన్లు మొదలుపెట్టారు, ఇలాగే ఉంటే ఇల్లు పోతుందని మర్యాదగానే చెప్పారు.

ఇవేవీ నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పెద్దవాళ్ళు తెలుగులో గుసగుసలాడుకుంటే పిల్లకి అర్థం కాదనుకునే ఇళ్ళుంటాయి గాని, మాది అలాంటి ఇల్లు కాదు. అర్థమైందల్లా సగమే, అదే నా కొంప ముంచింది. ఒకసారి సూపర్ మార్కెట్‌లో చేపల కౌంటర్ దగ్గర దేవదానం అంకుల్ వీపు కనబడింది. నాన్న సగం నిండిన బండిని అక్కడే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని పాల అరల వెనకనుంచి బయటికి లాక్కొచ్చాడు. ఇంకోసారి రేవు దాటడానికి ఫెర్రీ ఎక్కాక, లోపల వెచ్చగా కూర్చున్నవాళ్ళలో రత్నం అత్త ఉంది. నాన్న నన్ను పైడెక్కు మీదికి తీసుకుపోయాడు. ఆ గాలికి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అవతలి ఒడ్డు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాం. "ఎందుకు నాన్నా?" అంటే, "గాలి మంచిది," అన్నాడు. చిన్నపిల్లనైతే మాత్రం ఆ మాట ఎలా నమ్ముతాను? నా లెక్క నేను వేసుకున్నాను. ఫోన్ మోగితే అమ్మ ఉలిక్కిపడుతోంది, ఇల్లు పోతుందంటున్నారు, నాన్న దేవదానం అంకుల్‌ని చూసి పారిపోతున్నాడు. అంటే మనం ఆయనకి బాకీ. ఆయన ఏదో ఒకరోజు వచ్చి ఇల్లు తీసుకుంటాడు. మొన్నటిదాకా ఆదివారం మా పక్కన కూర్చుని పాటలు పాడి, ఈమధ్య రావడం మానేసిన మనిషే కలలో మా మెట్లెక్కి వచ్చేవాడు, నా పై ప్రాణాలు పైనే పోయేవి.

అప్పుడే నేను ప్రెషర్ కుక్కర్ దాచడం మొదలుపెట్టాను. బిందె కథ విన్నాను కదా. మా ఇంట్లో బిందె లేదు, ఊరినుంచి తెచ్చుకున్న పెద్ద వస్తువు అదొక్కటే. స్కూలునుంచి రాగానే దాన్ని ఎత్తుకుపోయి అలమరలో కోట్ల వెనక పెట్టేదాన్ని, అమ్మ డ్యూటీనుంచి వచ్చేలోపు మళ్ళీ తెచ్చి స్టవ్ మీద పెట్టేదాన్ని. ఒకరోజు అమ్మ ముందే వచ్చింది. ఇల్లంతా వెతికి, కోటు తగిలించబోయి దాన్ని చూసింది. "ఇదేంటే?" అంది. "దేవదానం అంకుల్ పట్టుకుపోతాడని," అన్నాను. అమ్మ ముందు నవ్వింది. నవ్వుతూనే ఆ కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడింది. "పిచ్చిమొహమా, మనం వాళ్ళకి బాకీ కాదే, వాళ్ళే మనకి బాకీ," అంది. ఆ మాటతో భయం తీరాలి కదా, రెట్టింపైంది. రావలసింది మనకైతే నాన్న ఎందుకు దాక్కుంటున్నాడు? ఇల్లు పోతుంటే ఎందుకు అడగడు? అమ్మని అడిగితే, "మీ నాన్నకి ఉన్న విశ్వాసం నాకు లేదమ్మా," అని బియ్యం కడగడానికి లేచింది.

ఆ విశ్వాసం ఎలాంటిదో నేను విన్నాను. ట్యాంకులో ఆయిల్ ఎంత ఉందో స్కూలుకి వెళ్ళేముందు చూసి చెప్పడం నా పని. ఆవేళ బేస్‌మెంట్ మెట్లు సగం దిగేసరికి నాన్న ఫర్నేసు పక్కన మోకాళ్ళమీద ఉన్నాడు. మా నాన్న ప్రార్థన చేస్తే చదువుకున్నవాడి ప్రార్థనలా ఉండేది, మాటలు వరసగా వచ్చేవి. ఆవేళ అలా లేదు. "అడగాలని ఉంది ప్రభువా. రోజూ అడగాలని ఉంది. అతను ఎదురుపడితే అడిగేస్తాను, నన్ను నేను పట్టుకోలేను. నాకు ఎదురుపడనివ్వకు," అంటున్నాడు. నేను చప్పుడు కాకుండా పైకి వచ్చేశాను, ఆయిల్ సంగతి అమ్మకి అబద్ధం చెప్పాను. అప్పటిదాకా మా ఇంట్లో భయపడనిది నాన్న ఒక్కడే అనుకున్నాను. ఆయన అవతలివాళ్ళ మర్యాద కోసం తప్పుకుంటున్నాడనుకున్నాను. ఆయన పారిపోతున్నది తన నోటినుంచి. అది తెలిశాక ఇంట్లో ఎవరి వెనక నిలబడాలో నాకు తెలియలేదు.

తర్వాతి శనివారం అమ్మ నాన్నకి చెప్పకుండా నన్ను తీసుకుని ఫెర్రీ ఎక్కింది. బ్యాంకువాళ్ళు ఇచ్చిన గడువు దగ్గర పడింది. దారి పొడుగునా ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన కాదు, అక్కడ చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటోంది. సగమైనా ఇవ్వు రత్నం, ఇల్లు పోయేట్టుంది రత్నం, అని నాకు వినబడుతూనే ఉంది. వాళ్ళిల్లు ఒక లాండ్రీ షాపు పైన. తలుపు గొలుసు తీయకుండానే కొంచెం తెరుచుకుంది, ఆ సందులో సునీత మొహం. మమ్మల్ని చూసి ఆ పిల్ల లోపలికి పరిగెత్తి బల్ల కిందికి దూరింది. ఆ పిల్ల మొహంలో ఉన్నదేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను రోజూ అలమర తలుపు అద్దంలో చూస్తున్నదే.

రత్నం అత్త గొలుసు తీసి, "లోపలికి రండి వదినా," అంది. అమ్మ గుమ్మం ఇవతలే నిలబడి, "పర్లేదు రత్నం, ఇక్కడే," అంది. బూట్లమీది మంచు కరిగి చాప తడుస్తోంది. అప్పుడు రత్నం అత్త అన్న మాట ఇది, అక్షరం పొల్లుపోకుండా కాకపోయినా: "మీరు కూడా గుమ్మం తొక్కరా? మీ దగ్గర డబ్బు తీసుకున్న రోజునుంచి అన్నయ్యగారు మమ్మల్ని చూసి మొహం తిప్పేసుకుంటున్నారు. షాపులో బండి వదిలేసి పోయారు, ఈయన చూశాడు. ఫెర్రీలో ఈ పిల్లని చలిలో పైకి తీసుకుపోయారు, నేను చూశాను. మేమంత అంటరానివాళ్ళమైపోయామా వదినా? ఏ మొహం పెట్టుకుని సహవాసానికి రమ్మంటారు? అడిగినా బాగుండేది. తిట్టినా బాగుండేది." ఆవిడ ఏడవలేదు, అందుకే మాకు ఇంకా భయమేసింది. అమ్మ నోరు తెరిచింది. అంతసేపు కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "నిమ్మకాయ ఊరగాయ ఉంటే కొంచెం పెడతావా రత్నం," అంది. ఎందుకలా అందో ఆవిడకే తెలియదు. బూట్లు విప్పి లోపలికి వెళ్ళింది. కోటు తీయకుండానే కూర్చుని టీ తాగింది. ఊరగాయ సీసా ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఫెర్రీ ఎక్కాం, డబ్బు మాట ఎత్తకుండానే.

ఇంటికొచ్చాక మాత్రం ఎత్తింది. ఉల్లిపాయలు వేగుతున్నాయి, నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పి, గరిట పట్టుకునే ఆయన వైపు తిరిగింది. "తాకట్టు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళొద్దన్నాడు గాని, అన్నం తినడానికి వెళ్ళొద్దని దేవుడు ఎక్కడన్నాడండీ? మీరు చదువుకున్నారు కదా, చూపించండి," అంది. పెళ్ళయినప్పటినుంచి వాక్యం విషయంలో అమ్మ ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. నేను చారు గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆరాధన అయ్యాక నాన్న ఒక్కడే అవతలి ఒడ్డుకి వెళ్ళాడు. నేనూ అమ్మా కిటికీ దగ్గర కూర్చున్నాం. కొట్టుకున్నారేమో, ఆ మంచులో పడిపోయాడేమో, అసలు రాడేమోనని నాకు దడ. అమ్మ కుట్టిన గుడ్డే విప్పి మళ్ళీ కుడుతోంది. పొద్దు వాలుతుండగా గుట్ట ఎక్కుతూ కనబడ్డాడు. లోపలికొచ్చి టోపీ తీసి, కుర్చీలో కూర్చున్నాడు.

"అడిగాను," అన్నాడు.

"ఏమన్నాడు?"

"లేవన్నాడు."

"మరి ఇంతసేపూ?"

"అన్నం పెట్టారు," అన్నాడు నాన్న. "పప్పుచారు బాగుంది."

ఆ వసంతంలో ఇల్లు పోయింది. బ్యాంకు తీసుకోకముందే వచ్చిన ధరకి అమ్మేసి, రెండు గదుల అపార్ట్‌మెంట్‌కి మారాం. విశ్వాసికి మేలు జరిగి ఇల్లు నిలబడిందని చెబితే ఈ కథ సాక్ష్యంలా బాగుంటుంది, కాని నిలబడలేదు. సామాను దింపే రోజున దేవదానం అంకుల్ నడుముకి బెల్టు కట్టుకుని వచ్చాడు, వద్దంటున్నా ఫ్రిజ్ ఒక వైపు పట్టాడు. తర్వాత ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం ఇచ్చారు. కొంత రాలేదు. వాళ్ళు దేశానికి ఆ చివరనున్న సర్రీకి వెళ్ళిపోయేదాకా నెలకో ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి తిన్నాం. నాన్న మధ్యమధ్య అడుగుతూనే ఉండేవాడు, అంకుల్ దగ్గర ఉంటే ఇచ్చేవాడు, లేకపోతే లేవనేవాడు. పోయిన ఇంటి ముందునుంచి బస్సు వెళ్తే అమ్మ మాత్రం చివరిదాకా తల తిప్పి అటు చూసేది కాదు.

ఇప్పుడు ఎవరి మొహం ఎవరూ చూడనక్కర్లేదు. కవరు అక్కర్లేదు, ఫెర్రీ అక్కర్లేదు, ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే నా ఖాతాలోంచి ఆ పిల్ల ఖాతాలోకి పోతుంది. నాన్నకైతే ఇది ఎంత సుఖంగా ఉండేదో. నాకు మాత్రం ఇదే భయం. డబ్బు పోతుందన్న భయం ఉంది, లేదంటే అబద్ధం. చినుకు పడితే పైగదిలో బకెట్ పెడుతున్నదాన్ని. అంతకంటే, రేపు ఈ పిల్ల నన్ను చూసి అవతలి పేవ్‌మెంట్ ఎక్కుతుందేమో, లేదా నేనే ఎక్కుతానేమోనని. తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకుండా ఇవ్వమని ప్రభువు చెప్పాడు. నాకు ఆశ పోదు. ఇంత వయసు వచ్చింది, ఎన్ని ప్రసంగాలు విన్నానో, పోలేదు. అయితే ఇన్నాళ్ళుగా వాక్యం చదువుతున్నాను, భయం తీరాకే ఇవ్వమని మాత్రం ఎక్కడా కనబడలేదు.

ఆదివారం స్రవంతి వచ్చింది. కోడి కూర, చారు చేశాను. ఆ పిల్ల ముద్ద కలుపుతోంది గాని నోట్లో పెట్టుకోవడం లేదు, నా మొహం వంక చూస్తోంది. తినేదాకా ఆగుదామనుకున్నాను, నావల్ల కాలేదు. "ఇస్తాను. వడ్డీ వద్దు, పాస్‌పోర్ట్ వద్దు," అన్నాను. ఆ పిల్ల తల వంచుకుంది. "కాని నాకు భయంగా ఉందమ్మా. నేను అడుగుతాను. అడక్కుండా ఉండే గొప్పతనం నాకు లేదు," అన్నాను.

"ఎప్పుడు అడుగుతరు ఆంటీ?"

"భయం వేసినప్పుడల్లా."

ఆ పిల్ల ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంది. "అడగండి ఆంటీ," అంది. "ఉంటే ఇస్తా. లేకుంటే లేవని మీ మొహం మీదే చెప్తా. చెప్పనీకి నేనే వస్తా."

అన్నం ఇంకొంచెం వడ్డించి, ఫోన్ తీశాను. మొదటిసారి పాస్‌వర్డ్ తప్పు పడింది.